అలుగు లెక్క

(శనివారపు తెలుగు తరగతిలో పిల్లలకు చేసిన ప్రసంగం)



ముందుగా ఒక పొడుపుకథ వేస్తాను. చెట్టెక్కుతుంది, కోతి కాదు. ఒంటినిండా పొలుసులుంటాయి, చేప కాదు. చీమలను తింటుంది, నోట పన్ను లేదు. భయం వేస్తే బంతి అవుతుంది. ఏమిటది?

వెనుక బల్లవారు అప్పుడే "తెంగ్గిలింగ్!" అని కేక వేశారు. మలాయిలో అది సరియైన జవాబే. కాని ఇది తెలుగు తరగతి కదా! తెలుగులో దీని పేరు అలుగు.

అలుగు అనే మాటకు మన భాషలో ఇంకా అర్థాలున్నాయి. చెరువు నిండినప్పుడు ఎక్కువైన నీరు పొర్లిపోయే చోటును అలుగు అంటారు. కోపం వచ్చి మాట్లాడకుండా ఉండటాన్ని అలగడం అంటారు. అలిగిన పిల్లవాడు ఎలా కూర్చుంటాడు? మోకాళ్ళలో తల పెట్టుకొని, ముడుచుకొని, ఎవరు పిలిచినా పలకకుండా కూర్చుంటాడు. మన జంతువు కూడ సరిగా అంతే. దానికి ఆ పేరు అందువల్లనే వచ్చిందని నేను చెప్పడం లేదు. మీరు మరచిపోకుండా ఉంటారని చెబుతున్నాను.

ఇంగ్లీషులో దీన్ని పంగోలిన్ అంటారు. ఆ మాట ఎక్కడిదో తెలుసా? మన మలేషియా మాటే. 'పెంగ్గులింగ్' అంటే చుట్టుకొనేది అని అర్థం. లోకమంతా ఈ జంతువును మలాయి పేరుతోనే పిలుస్తున్నది. మనలో ఎంతమంది దాన్ని కళ్ళారా చూచారు? చేతులెత్తండి. ఎవ్వరూ లేరా? నేను చూచాను. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

లోకంలో అలుగులు 8 జాతులని చాలాకాలంగా లెక్క. నాలుగు ఆసియాలో ఉన్నాయి, నాలుగు ఆఫ్రికాలో ఉన్నాయి. మన దేశంలో ఉన్నది సుండా అలుగు. అది తోకను కొమ్మకు చుట్టి చెట్లెక్కుతుంది. మన తాతముత్తాతలు ఓడలెక్కి వచ్చిన దేశంలో ఉన్నది భారతీయ అలుగు. దాని పొలుసులు పెద్దవి, తోక లావు. నల్లమల అడవులలోను, తూర్పు కనుమలలోను అది నేలలో బొరియ తవ్వుకొని ఉంటుంది.

పాలిచ్చే జంతువులలో ఒంటిమీద పొలుసులు గలవి అలుగులు మాత్రమే. ఆ పొలుసు ఏమిటో తెలియాలంటే మీ వ్రేలి గోరును చూడండి. అదే పదార్థం. దానిని పొడి చేసి మందని అమ్మేవారున్నారు, కొనేవారున్నారు. గోళ్ళు కత్తిరించినప్పుడు క్రింద పడ్డ ముక్కలను ఎవరైనా డబ్బిచ్చి కొంటారా?

దాని నాలుక మరీ వింత. నాలుక మొదలు గొంతులో ఉండదు, రొమ్ములోపల ఎక్కడో ఉంటుంది. పుట్టను గోళ్ళతో చీల్చి, జిగురుగా ఉండే ఆ నాలుకను లోనికి దూర్చి, చీమలను, చెదలను అంటించుకొని మ్రింగుతుంది. చీమలు ఎదురు తిరిగితే చెవులు, ముక్కు మూసుకుంటుంది. సాధారణంగా ఒక కాన్పుకు ఒక్కటే పిల్ల. ఆ పిల్ల తల్లి తోక మొదట అంటిపెట్టుకొని సవారి చేస్తుంది.

పెద్దపులి వచ్చినా, చిరుతపులి వచ్చినా అలుగు పరుగెత్తదు. చుట్టుకొని పడుకుంటుంది. పంటికి పొలుసు దిగదు. కాసేపు దొర్లించి చూచి ఆ మృగమే విసిగి వెళ్ళిపోతుంది. వేల సంవత్సరాలుగా పనిచేసిన ఉపాయమది. అయితే మనిషికి పళ్ళతో పని లేదు. వంగి రెండు చేతులతో ఎత్తి సంచిలో వేసుకుంటాడు. అలుగు కరవదు, అరవదు.

ఇప్పుడు నేను చూచిన అలుగు సంగతి చెబుతాను. 1989వ సంవత్సరం. నాకు తొమ్మిదేళ్ళు. మేము పేరాక్‌లో ఒక పామాయిలు తోటలో లైను ఇళ్ళలో ఉండేవాళ్ళం. ఒక రాత్రి వాన వెలిసిన తరువాత మా నాన్న సైకిలు దిగి, "టార్చి పట్టుకొని రా" అని నన్ను పిలిచాడు. కాలువ గట్టున ఏదో ఉంది. పనసకాయ అనుకున్నాను. వెలుగు పడగానే ఆ పనసకాయ ఊపిరి తీసింది! పొలుసులన్నీ ఒక్కసారి లేచి మళ్ళీ అణిగాయి. చేయి వేసి చూచాను. తడిగా, గట్టిగా ఉంది. అంచులు పదునుగా ఉన్నాయి.

మరునాడు ఊళ్ళోకి వచ్చే ఒక వ్యాపారికి కబురు వెళ్ళింది. అతడు కొక్కెం త్రాసు తెచ్చి గోనెసంచిని తగిలించి తూచాడు. ఐదు కిలోల పైచిలుకు. చొక్కా జేబులోనుంచి చిన్న నోటుపుస్తకం తీసి, పెన్సిలుతో ఆ బరువు వ్రాసుకున్నాడు. నాన్న చేతిలో డబ్బు పెట్టాడు. ఆ డబ్బుతో మా ఇంటికి ఒక పెద్ద బిస్కట్ల డబ్బా వచ్చింది. నేను చాలా సంతోషపడ్డాను. ఆ డబ్బాలో మా అమ్మ చాలాకాలం చింతపండు పోసేది.

మా నాన్నను మీరు తప్పుగా అనుకోకండి. అది చట్టప్రకారం అప్పటికే రక్షిత జంతువని ఆ లైను ఇళ్ళలో ఎవరికీ తెలియదు. మాకు ఎవరూ చెప్పలేదు. నేను ఉపాధ్యాయ శిక్షణ పొంది, పాఠం చెప్పడం మొదలుపెట్టిన చాలా ఏళ్ళకు ఆ చిన్న నోటుపుస్తకం నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఎందుకో వినండి.

2009లో సబా రాష్ట్రంలో వన్యప్రాణి శాఖవారు అలుగుల దొంగవ్యాపారం చేసే ఒక ముఠా స్థావరంపై దాడి చేశారు. అక్కడ కొన్ని లెక్కల పుస్తకాలు దొరికాయి. వాటిని ట్రాఫిక్ అనే సంస్థవారు చదివి 2010లో నివేదిక ప్రకటించారు. ట్రాఫిక్ అంటే మీకు రోడ్డు మీద కార్లు గుర్తుకు వస్తాయి. ఇది వేరు. అడవి జంతువుల, మొక్కల వ్యాపారాన్ని కనిపెట్టి చూచే సంస్థ అది. ఆ ముఠా పుస్తకాలను బట్టి, ఇంచుమించు 21 నెలలలో 22,000 అలుగులు చచ్చిపోయాయని తేలింది. ఒక్క ముఠా, ఒక్క రాష్ట్రం. మన బడిలో 600 మంది పిల్లలున్నారనుకుంటే, అటువంటి 36 బడులలోని పిల్లలందరిని కలిపినా ఆ సంఖ్యకు చాలరు.

పదేళ్ళ తరువాత కూడ ఆ వ్యాపారం ఆగలేదు. 2019 ఫిబ్రవరిలో మళ్ళీ సబాలోనే దాదాపు 30 టన్నుల అలుగు సరుకు పట్టుబడింది. ఆ మంచుగడ్డల మధ్య కాక, ప్రాణంతో ఉన్నవి 61 మాత్రమే.

ఇక్కడ మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. అడవిలో ఇంకా ఎన్ని అలుగులు మిగిలాయి? చచ్చిన వాటికి లెక్క ఉంది, దొంగ దానిని జాగ్రత్తగా వ్రాసిపెట్టాడు. బ్రతికి ఉన్న వాటి లెక్క ఎవరి పుస్తకంలో ఉంది?

ఎవరి పుస్తకంలోను లేదు. నిర్లక్ష్యం వల్ల మాత్రమే కాదు, ఆ పని అంత కష్టం. ఏనుగులను లెక్కించవచ్చు, వాటి పేడ అయినా కనిపిస్తుంది. పులికి చారలుంటాయి, ఛాయాచిత్రంలో ఇది ఏ పులి అని గుర్తించవచ్చు. అలుగుకు చారలు లేవు. రాత్రి తిరుగుతుంది. ఒంటరిగా ఉంటుంది. చప్పుడు చేయదు. పగలంతా మానుతొర్రలోనో, వేళ్ళ క్రిందనో పడుకుంటుంది. పోనీ పట్టి జంతు ప్రదర్శనశాలలో పెట్టి చూద్దామా అంటే, దిగులుతో తిండి మానేసి చచ్చిపోయిన అలుగులెన్నో ఉన్నాయి. దానిని తెలుసుకోవాలంటే మనమే దాని వెంట అడవికి పోవాలి.

అలా వెళ్ళినవారిలో కొందరి పద్ధతులు చెబుతాను.

మొదటిది కెమెరా. అడవిలో చెట్టుకు మోకాలి ఎత్తున ఒక పెట్టె కట్టివస్తారు. ఎదురుగా వెచ్చని ప్రాణి కదిలితే అదే ఫోటో తీసుకుంటుంది. నెలలు గడిచాక వెళ్ళి చూస్తే అడవిపందులు, ముళ్ళపందులు, జింకలు, ఒక్కొక్కసారి పులి కూడ ఉంటాయి. అలుగు మాత్రం అరుదు. అది చెట్టుమీద పోతూ ఉంటే నేలను చూచే కెమెరాకు ఎలా చిక్కుతుంది? అందుకని "ఫోటో పడలేదు గనుక ఇక్కడ అలుగు లేదు" అని శాస్త్రజ్ఞుడు వెంటనే వ్రాయడు. మీరు కూడ ఇంట్లో పుస్తకం దొరకనప్పుడు "లేదు" అని వెంటనే అనకండి. ఎక్కడ వెతికారో, ఎంతసేపు వెతికారో ముందు చెప్పండి. శాస్త్రజ్ఞులు అలాగే వ్రాస్తారు. ఇన్ని కెమెరాలు, ఇన్ని రాత్రులు, ఇన్ని ఫోటోలు అని.

రెండవది రేడియో. ఇది నాకు చాలా ఇష్టం, కాబట్టి ఆట ఆడి చూపిస్తాను. మధ్యాహ్నం మైదానంలోకి వెళ్దాం. ఒకరు సైకిలు గంట పట్టుకొని పొదల వెనుక దాగాలి. ముగ్గురు కళ్ళకు గంతలు కట్టుకొని మూడు మూలల నిలబడాలి. గంట మ్రోగగానే ముగ్గురూ చప్పుడు వచ్చిన వైపు చేయి చాచాలి. మిగిలినవారు వారి వ్రేళ్ళ వెంట సుద్దతాడు లాగాలి. మూడు తాళ్ళూ ఎక్కడ కలుస్తాయో అక్కడ దొంగ ఉంటాడు. సాధారణంగా మూడూ సరిగా ఒక్క చోట కలియవు, మధ్యలో చిన్న త్రిభుజం మిగులుతుంది. ఆ త్రిభుజం ఎంత చిన్నదైతే మీ గురి అంత మంచిది.

అలుగుకు కట్టే గంట ఒక చిన్న రేడియో. దాని పొలుసు అంచున సన్నని రంధ్రం చేసి బిగిస్తారు. పొలుసు గోరు వంటిదని చెప్పాను కదా, అంచును తొలిచినా నొప్పి ఉండదు. పరిశోధకుడు చేతిలో ఏరియల్ పట్టుకొని, చెవికి వినబడే టక్కు టక్కు శబ్దాన్ని బట్టి దిక్కు కనుగొంటాడు. అలుగు లోతైన బొరియలో దూరిందా, శబ్దం మాయం. అప్పుడు వానలో, దోమలలో తెల్లవారేదాకా కూర్చోవలసిందే. సబాలో కినబతంగాన్ నది ఒడ్డున దనౌ గిరాంగ్ అనే పరిశోధన కేంద్రం ఉంది. ఎలిసా పంజాంగ్ అనే సబా పరిశోధకురాలు అక్కడ అలుగులను అధ్యయనం చేశారు. ఆడపిల్లలారా, అడవి పని మగవాళ్ళదే అని ఎవరైనా అంటే ఆ పేరు చెప్పండి.

రేడియో వల్ల ఏమి తెలిసిందో ఒక్క కథతో చెబుతాను. మన జొహోర్ రాష్ట్రానికి ఎదురుగా, సింగపూరుకు చెందిన తెకొంగ్ అనే దీవి ఉంది. నార్మన్ లిమ్, పీటర్ ఎన్‌గ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అక్కడ పిల్ల గల ఒక తల్లి అలుగును రేడియోతో వెంబడించి, తెలిసినది 2008లో ప్రచురించారు. ఒక్క తల్లి, అంతే. ఆమె తిరిగిన చోటు 6.97 హెక్టార్లు, అంటే సుమారు పది ఫుట్‌బాలు మైదానాలంత. ఆమె రోజుకు సగటున 127 నిమిషాలు మాత్రమే బయట మసిలేది. తక్కిన సుమారు 22 గంటలు దాగి ఉండేది. ఎక్కువగా తిరిగిన వేళ తెల్లవారుజామున 3 గంటలకు, 6 గంటలకు మధ్య. మీరు గాఢనిద్రలో ఉండే సమయమది. మీ చేతులు ఎందుకు లేవలేదో ఇప్పుడు తెలిసింది కదా!

ఆ తల్లి పిల్లను దాచుకోవడానికి మూడు గూళ్ళు వాడింది. మూడూ పెద్ద చెట్లను ఆశ్రయించినవే. మాను అడ్డుకొలత 50 సెంటీమీటర్ల కంటె ఎక్కువ. మీ కొలబద్దలు తీసి ఒకసారి చూచుకోండి, 30 సెంటీమీటర్ల కొలబద్ద ఒకటిన్నరకు మించిన మాను. అటువంటి మాను ఐదేళ్ళలో పెరగదు. వాటిని కొట్టివేసి, చుట్టూ అడవి పచ్చగా ఉన్నదిలే అనుకుంటే తల్లికి పిల్లను పెట్టుకొనే చోటు ఉండదు. అడవిలో ఏ చెట్టును విడిచిపెట్టాలో చెప్పే మాట రాత్రుల పని నుండి, ఒక చిన్న రేడియో నుండి వచ్చింది.

అయితే ఆ శాస్త్రజ్ఞులు ఒక్క అలుగునే చూచారు. ఒక్కదానిని చూచి అన్ని అలుగులూ ఇంతే అనడానికి వీలులేదు. మన తరగతిలో ఒక్క పిల్లవాడి చెప్పు కొలిచి అందరికీ అదే కొలత చెప్పులు కొంటామా? అందుకే ఇంకొందరు, ఇంకొన్ని చోట్ల, ఇంకొన్ని అలుగులను వెంబడించవలసి వచ్చింది. తైవాన్‌లో, వియత్నాంలో కూడ అలాంటి పని జరిగింది. వియత్నాంలో దొంగల చేతినుండి విడిపించిన అలుగులకు రేడియో కట్టి అడవిలో వదిలి, అవి బ్రతుకుతున్నాయా లేదా అని వెంట వెళ్ళి చూచారు. వదిలిపెట్టి ఫోటో తీసుకొని ఇంటికి పోవడం తేలిక. వెంట వెళ్ళడమే కష్టం.

మూడవ పద్ధతికి యంత్రమే అక్కరలేదు. అడగడం. 2008లోనే ప్రకటించిన మరొక పరిశోధనలో, వియత్నాం వేటగాండ్రను కూర్చోబెట్టి అలుగులను గురించి అడిగారు. ఎక్కడ దొరికేవి, ఎప్పుడు దొరికేవి, ఇప్పుడు దొరుకుతున్నాయా అని. వేటగాండ్రే చెప్పారు, అవి బాగా తగ్గిపోయాయని. వేటగాని నోట వచ్చిన మాట అని దాన్ని పారవేయలేదు. అడవిని అతనికంటె ఎక్కువ రాత్రులు చూచినవాడెవడు?

నాలుగవది వింటే నవ్వుతారు. జలగలు! మన అడవిలోకి వెళ్తే కాలికి పట్టుకొనే జలగలే. జలగ చివర ఏ జంతువు నెత్తురు త్రాగిందో, ఆ నెత్తురులోని జన్యుపదార్థాన్ని పరీక్షించి చెప్పవచ్చు. సబా అడవులలో ఈ పద్ధతితో అక్కడ తిరిగే జంతువులను కనుగొన్నారు. జలగ పట్టినందుకు సంతోషించే మనుషులు లోకంలో పరిశోధకులు ఒక్కరే అనుకుంటాను.

ఇదే పరీక్షను పట్టుబడిన పొలుసులకు కూడ చేస్తారు. ఒక గోనెసంచిలో ఉన్నవి ఏ జాతి పొలుసులో కళ్ళతో చెప్పడం కష్టం. ఆఫ్రికా పొలుసులు కూడ మన దేశం మీదుగా పోతూ పట్టుబడ్డాయి. జన్యుపరీక్షతో జాతి తెలుస్తుంది. ఎక్కడివో కూడ కొంత తెలుస్తుంది. 2023లో కొందరు శాస్త్రజ్ఞులు హాంకాంగ్‌లోను, చైనాలోని యున్నాన్‌లోను పట్టుబడిన పొలుసులను పరీక్షించి, వీటిలో కొన్ని మనకు తెలిసిన 8 జాతులలో దేనివీ కావు, ఇది మరొక జాతి అయి ఉండాలి అని ప్రకటించారు. ఆ జంతువు బ్రతికి ఉండగా ఎలా ఉంటుందో, ఏ కొండ మీద తిరుగుతుందో చూచి చెప్పినవారు అప్పటికి లేరు. పేరు తెలియక ముందే దాని పొలుసులు సంచిలోకి చేరాయి. ఇది చదివిన రోజు నాకు అన్నం సరిగా సహించలేదు.

ఇలా కూడబెట్టిన సమాచారంతోనే 2014లో మన సుండా అలుగును అత్యంత ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. 2016లో దక్షిణాఫ్రికాలోని జొహానెస్‌బర్గ్‌లో దేశాలన్నీ సమావేశమై, 8 జాతుల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాలని నిర్ణయించాయి. 2018లో సబా రాష్ట్రం దానికి సంపూర్ణ రక్షణ ఇచ్చింది. చట్టం వచ్చినా దొంగ మానలేదని 2019 సంగతి ముందే చెప్పాను. అయినా కాగితంమీద అంకె లేకపోతే ఆ చట్టమైనా వచ్చేది కాదు.

నేను శాస్త్రజ్ఞుడిని కాను, తెలుగు పంతులను. కాని వియత్నాం వేటగాండ్ర సంగతి చదివినప్పుడు ఒక పని చేయవచ్చునని తోచింది. ఒక నోటుపుస్తకం కొన్నాను. మన తోటలలో పనిచేసిన తాతలు, నాయనమ్మలు ఎందరో అలుగును చూచినవాళ్ళే. వారికి ఆ సంగతులు తెలుగులో జ్ఞాపకమున్నాయి. పట్నం నుండి వచ్చిన పరిశోధకునికి వారితో మాట్లాడే భాష లేదు. మీకు ఉంది.

వచ్చే శనివారానికి ఇదే ఇంటిపని. ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. "తాతా, నువ్వు అలుగును చూచావా? ఎక్కడ? అప్పుడు అక్కడ అడవా, రబ్బరు తోటా, పామాయిలా? పగలా, రాత్రా? ఆఖరుసారి ఎప్పుడు?" అని అడిగి, వారు చెప్పినట్లే వ్రాసుకురండి. చూడలేదంటే "చూడలేదు" అని వ్రాయండి, అది కూడ జవాబే. వారు దాన్ని పట్టి అమ్మామని చెబితే కోప్పడకండి. అది కూడ వ్రాయండి. ఒకవేళ ఇప్పుడు ఎవరి తోటలోనైనా కనిపిస్తే ముట్టుకోవద్దు, సంచిలో వేయవద్దు. ఆ చోటు సంగతి ఊళ్ళో చాటవద్దు. ఇంట్లో పెద్దవాళ్ళచేత వన్యప్రాణి శాఖవారికి, అదే పెర్హిలితాన్‌కు, ఫోను చేయించండి.

నా పుస్తకంలో మొదటి పుట నిండింది. చదువుతాను వినండి. "1989. పేరాక్. పామాయిలు తోట, కాలువ గట్టు. వాన వెలిసిన రాత్రి. అలుగు ఒకటి. ఐదు కిలోల పైచిలుకు. అమ్మివేశాము."

రెండవ పుట ఖాళీగా ఉంది.